దొంగ నొప్పులు

కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే లేచి లోపలికి పోవచ్చు, నేనేమీ అనుకోను. నా మనసులో మాట అడిగితే మాత్రం మీరే ముందు వరసలో కూర్చోవాలి. మిమ్మల్ని భయపెట్టాలని నాకేం సరదా? భయం దానంతటదే వస్తుంది. దానికి నా సాయం అక్కర్లేదు.

నేను కమలాక్షమ్మను. నంద్యాలలో నూనెపల్లె వైపు మా ఇల్లు. ముప్పై నాలుగేళ్లు గోస్పాడు చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా తిరిగి, ప్రభువు దయవల్ల ఏ మచ్చా లేకుండా రిటైరయ్యాను. ఆటో ఎక్కితే, "నన్ను తలకిందులుగా పట్టుకుని కొట్టింది నువ్వే గదా సిస్టరమ్మా" అనే డ్రైవర్లు ఈ ఊళ్లో నలుగురైదుగురు ఉన్నారు. ఏడవకపోతే కొట్టనా మరి? ఏడవని బిడ్డకంటే నన్ను తిట్టుకునే డ్రైవరే మేలు.

ఇన్నేళ్లలో ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే మాట. "సిస్టరమ్మా, ఇవి నొప్పులా, ఉత్త నొప్పా?" మన భాషలోనే ఉంది చూడండి ఆ తేడా. నొప్పి వేరు, నొప్పులు వేరు. తొమ్మిదో నెలలో నడుం పీకుతుంది, తొడలు లాగుతాయి, పొట్ట బిగుస్తుంది, మళ్లీ వదులుతుంది. అవి దొంగ నొప్పులు. నాలుగడుగులు నడిస్తేనో, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటేనో, చెంబెడు నీళ్లు తాగితేనో, జీలకర్ర కషాయం గొంతులో పడితేనో దొంగలు పారిపోతారు. అసలైనవి పారిపోవు. నడుం దగ్గర పుట్టి ముందుకి చుట్టుకుంటాయి. వేళకి వచ్చే బస్సులాగా వస్తాయి. వచ్చేకొద్దీ దగ్గరపడతాయి, బలపడతాయి.

నాకు పని నేర్పిన ఉమామహేశ్వరమ్మగారు ఇంకో మాట చెప్పేది. "దాని నోరు చెప్పేది వినొద్దే. నొప్పి ఓర్చుకునేది ఉంటుంది, ఓర్చుకోలేనిది ఉంటుంది. పొట్ట మీద చెయ్యి పెట్టు. ఆ చెయ్యి చెప్పేది విను."

ముప్పై నాలుగేళ్లు అట్లాగే విన్నాను. ఒక్క రోజు వినలేదు.

ఇరవై రెండు రోజుల కిందట, తుపాను వాన పడిన ఆ మంగళవారం.

మా చెల్లెలి కూతురు ఏంజెల్ ఆళ్లగడ్డలో ఉంటుంది. మా చెల్లెలు జ్వరంతో పోయినప్పుడు ఈ పిల్ల పదో తరగతి. కాబట్టి కాన్పుకి పుట్టింటికి రావాలంటే దానికి పుట్టిల్లు నేనే. ఇంతకు ముందు రెండు సార్లు కడుపు వచ్చి పోయింది. ఒకటి మూడో నెలలో, ఒకటి అయిదో నెలలో. రెండోసారి పోయాక అది నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ మూడోది పోతే బిడ్డతోపాటు అదీ మనకు దక్కదని నాకు తెలుసు. అందుకే దాన్ని నంద్యాలకి తెచ్చుకునే ముందు నాలుగు రోజులు తోడుందామని నేనే ఆళ్లగడ్డ వెళ్లాను. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది.

దాని మొగుడు అజయ్ కుమార్ ట్రాలీ ఆటో తోలుతాడు. ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కిన విగ్రహాలని ఊరూరికీ చేరవేస్తాడు. "ఆదివారం ప్రార్థనకి వస్తావు, సోమవారం దేవుళ్లని మోస్తావు, ఏందయ్యా నీ కథ?" అని ఎగతాళి చేస్తే, "బరువు బరువే గదత్తా. దించేటప్పుడు ఇరగకుంటే చాలు" అంటాడు. ఆ రోజు పొద్దున్నే ఏదో విగ్రహం తీసుకుని ఆత్మకూరుకి పోయాడు.

వాళ్లుండేది గాజులమ్మే జైనాబీ ఇంట్లో. ముందువైపు రెండు గదులు వీళ్లవి. అదే గోడకి అవతల, వెనక వాకిలితో ఇంకో గది ఉంది. పెరటికి ఎదురుగా చిన్న రేకుల ఇంట్లో జైనాబీ ఒక్కతే ఉంటుంది. వీధి చివర శిల్పుల షెడ్డు. మామూలు రోజుల్లో పొద్దంతా ఉలి చప్పుడే. ఆ రోజు వానకి అదీ లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నేను పప్పులోకి తాలింపు వేస్తున్నాను.

"పెద్దమ్మా, మల్లా వస్తాంది."

"యాడ?"

"ఈడ, నడుం కాడ. కిందికి లాగుతాంది."

"ఇందాకటి దానికీ దీనికీ ఎంతసేపయింది?"

"నాకేం తెల్సు. నొప్పొస్తాంటే గడియారం చూస్తారా ఎవురన్నా?"

"పొద్దస్తమానం ఫోను చూస్తావు గదమ్మే, దాంట్లోనే ఉండాది గడియారం."

నవ్వింది. నవ్వగలిగిందంటే సగం ధైర్యం నాకు వచ్చింది. చేతులు తుడుచుకుని పొట్ట మీద చెయ్యి పెట్టాను. నొప్పి అంటోంది గాని పొట్ట పూరీ పిండిలాగా మెత్తగానే ఉంది. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి ఒకటి వచ్చింది. తర్వాత ఏడు నిమిషాలకే ఇంకోటి. ఆ తర్వాత అరగంట దాకా లేదు. దారీ తెన్నూ లేని నొప్పులు.

"ఆసుపత్రికి పోదామా పెద్దమ్మా?"

"పోవచ్చు. దూరమేం కాదు."

"ఊరికే పోతే కోస్తారంట గదా?"

"ఎవురు చెప్పినారే నీకు? అక్కర లేకుండా ఎందుకు కోస్తారు? ఈ కషాయం తాగి పడుకో. అసలైనవైతే మల్లా వస్తాయి, దొంగవైతే పోతాయి."

జీలకర్ర కషాయం తాగింది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. రెండు కావస్తుండగా దాని ముఖం తేటపడింది.

"పోయింది పెద్దమ్మా. అస్సలు లేదు."

"చూసినావా? దొంగలు పారిపోయినారు."

ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని అన్నం కలుపుతున్నాను. అప్పుడు వినపడింది.

గోడ అవతల మూలుగు.

అమ్మా, వేల కాన్పులు చూసిన చెవులు ఇవి. దెబ్బ తగిలిన మూలుగు వేరు, జ్వరం మూలుగు వేరు. ఇది నోరు బిగబట్టి ముక్కుతో తీసే మూలుగు. లోతులో మొదలై పైకెక్కి, పైన ఒక్క క్షణం నిలిచి, మెల్లగా దిగింది. సరిగ్గా నొప్పి ఎక్కి దిగినంతసేపు.

"ఎవరే అది?"

"వెనకింట్లో ఎవురో దిగినట్టుండారు. తెల్లారుజాము నుంచీ ఇనపడతాంది. నేను కలనుకున్నా."

నా చెయ్యి నాకు తెలియకుండానే గడియారం మీదికి పోయింది. పది నిమిషాలకి మళ్లీ మూలుగు. తర్వాత ఎనిమిది. తర్వాత ఏడు. ఒక్కోసారి ముందటికంటే బలంగా. వేళకి వచ్చే బస్సు.

"విను," అన్నాను ఏంజెల్‌తో. "నొప్పులంటే అవీ. నీవి దొంగవి, ఆమెవి అసలైనవి."

"పాపం. ఒక్కతే ఉన్నట్టుంది. పోయి చూడు పెద్దమ్మా."

అప్పుడే కరెంటు పోయింది. మూడు గంటల వేళ, పట్టపగలు. అయినా మబ్బు ఎంత దట్టంగా పట్టిందంటే ఇంట్లో మనిషి మనిషికి నీడలాగా కనిపిస్తోంది. రేకుల మీద వాన హోరు. తడిసిన గోడల వాసన, తాలింపు వాసన. వెనక వాకిలికి పోవాలంటే చుట్టూ తిరిగి సందులో మోకాటి లోతు నీళ్లలో నడవాలి. ముందు ధైర్యం చెబుదామని గోడ దగ్గరికి పోయాను. గోడలో దీపం పెట్టుకునే పాతకాలపు గూడు ఉంది. ఆ గూట్లో తల పెట్టి, మెల్లగా తట్టాను.

అవతల నుంచి ఎవరో మెల్లగా తట్టారు.

"అమ్మా, నేను నర్సును. భయపడొద్దు. ఎన్నో నెల నీకు?"

తర్వాత గుసగుస. నోరు గోడకి ఆనించి మాట్లాడినట్టు, చాలా దగ్గరగా.

"నిండినాయి."

"తోడెవరుండారు?"

"నువ్వుండావు గదా."

గొంతు చిన్నపిల్లది. ఇరవై దాటి ఉండవు. ఇంతలో దానికి నొప్పి వచ్చింది. మూలుగు గోడలోనుంచి నా నుదుటికి తగిలింది... నిజంగా తగిలింది, గోడ సన్నగా అదిరినట్టు. నేను నాకు అలవాటైన మాటలే చెప్పాను. "గాలి పీల్చుకో... నోరు తెరిచి వదులు... అరిచి బలం పోగొట్టుకోవద్దు తల్లీ..."

నొప్పి దిగింది.

"సిస్టరమ్మా..."

"చెప్పమ్మా."

"ఇవి నొప్పులేనా?"

"నొప్పులే."

"దొంగవి కావు గదా?"

"కావు. అసలైనవే."

"ఎవురివి?"

నాకు నవ్వొచ్చింది. నొప్పులు పడేటప్పుడు ఆడది ఎన్ని మాటలైనా అంటుంది. మొగుణ్ని తిడుతుంది, దేవుణ్ని తిడుతుంది, పుట్టబోయే బిడ్డని తిడుతుంది. ఇదీ ఒక మాట అనుకున్నాను.

"నీవే తల్లీ, ఇంకెవరివి? నీ నొప్పులే. ఓర్చుకో."

"ఇంగోసారి చెప్పు."

"నీవే."

గోడ అవతల అది ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చే ఏడుపు. ఆ ఏడుపు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. నా వెనక మంచం మీద ఏంజెల్ ఒళ్లు విరుచుకుంది.

"అబ్బా... ఇప్పుడు ప్రాణానికి ఎంత హాయిగుందో పెద్దమ్మా."

గోనెపట్ట తల మీద కప్పుకుని నేను బయటికి నడిచాను. సందులో నీళ్లు చల్లగా కాళ్లని తోస్తున్నాయి. ఇంటి వెనక్కి తిరిగేసరికి మూలుగు మళ్లీ మొదలైంది. ఈసారి ఆరు నిమిషాలే. "వస్తాండా తల్లీ, వస్తాండా" అంటూ తలుపు దగ్గరికి చేరి చెయ్యి చాచాను.

తలుపుకి తాళం ఉంది.

తుప్పు పట్టిన తాళం. కప్పకీ గొళ్లేనికీ మధ్య సాలెగూడు, దానిమీద నీటి బొట్లు. ఆ తాళం తీసి ఏళ్లయింది. అయితే తలుపు సందులోనుంచి వాసన వస్తోంది. వేణ్ణీళ్లు, ఆముదం, పచ్చి నెత్తురు. కాన్పు గది వాసన. నేను పొరపాటు పడే వాసన కాదు అది.

"సిస్టరమ్మా! ఆడేం చేస్తాండావ్?"

ఎదురింటి గడప మీద జైనాబీ, చెంగు తల మీదికి లాక్కుని నిలబడి ఉంది.

"లోపల ఎవరో నొప్పులు పడతాంది జైనాబీ! తాళం ఎవరేసినారు?"

జైనాబీ వానలోనే నా దగ్గరికి వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని తలుపు దగ్గరనుంచి రెండడుగులు వెనక్కి లాగింది.

"ఆడెవురుంటారమ్మా? నాలుగేండ్లాయె ఆ తలుపు తీసి."

"నేను మాట్లాడినా దాంతో."

"మాట్లాడినావా?" జైనాబీ ముఖంలో నెత్తురు లేదు. "యా అల్లా... ఏం మాట్లాడినావు?"

అప్పుడు చెప్పింది. గబగబా, గొంతు తగ్గించి. అహోబిలం దగ్గర పల్లెనుంచి వచ్చిన జంట ఆ గదిలో ఉండేవాళ్లు. పిల్ల పేరు ఓబులమ్మ. మొగుడు శిల్పుల షెడ్డులో రాళ్లు నున్న చేసేవాడు. నెలలు నిండినా ఓబులమ్మకి నొప్పులు రాలేదు. ఆసుపత్రికి పోతే కడుపులో బిడ్డ కదలడం లేదని కోసి తీశారు. బిడ్డ దక్కలేదు.

"అది పచ్చి బాలింతగా ఈ గదిలో పండుకుంటే, అత్త వచ్చి ఏమనిందో తెల్సా? 'ఒక్క నొప్పన్నా పడినావా? పడకుండానే తల్లివైపోదామనుకున్నావా? నొప్పులు పడిందాని కాడ నిలబడతాది బిడ్డ' అనింది. నా చెవులారా విన్నా. ఆ పిల్ల నన్ను అడిగేది సిస్టరమ్మా. 'జైనమ్మా, నాకు నొప్పులెందుకు రాలే? నా నొప్పులు యాడికి పోయినాయి?' అని. పది దినాలు అదే మాట. పదకొండో దినం..." ఆ తలుపు వైపు చూడకుండా గడ్డంతో చూపించింది. "ఆడనే."

లోపల మూలుగు లేచింది.

జైనాబీకీ వినపడింది. నా మోచేతి మీద ఆమె గోళ్లు దిగాయి. ఇద్దరం వానలో అట్లాగే నిలబడిపోయాం. మూలుగు ఎక్కింది... నిలిచింది... దిగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ గడియారం వైపు పోయింది.

మూడు నిమిషాలు.

ఎప్పుడో నాలుగేళ్ల కింద చచ్చిపోయినదానికి నొప్పులు దగ్గరపడుతున్నాయి. దానికి కడుపు లేదు. బిడ్డ లేదు. మరి ఈ నొప్పులు...

ఎవురివి?

నన్ను అడిగింది కదా అది. నేను చెప్పాను కదా. రెండు సార్లు చెప్పాను.

ఆ నీళ్లలో ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. ఇంట్లోకి వచ్చేసరికి ఏంజెల్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని బొరుగులు తింటోంది. సన్నగా ఏదో పాడుకుంటోంది.

"ఏమైంది పెద్దమ్మా? మొకమేంది అట్లుండాది? ఆమెకు కాన్పయిందా?"

"గోడకాణ్నుంచి ఇట్ల జరుగు."

"ఎందుకు?"

"జరగవే!"

పొట్ట మీద చెయ్యి పెట్టాను.

రాయి. వీధి చివర షెడ్డులో ఉండే రాయి లాంటి రాయి. అంత గట్టిగా బిగిసిన పొట్టతో ఏ ఆడదీ నోట్లో బొరుగులు వేసుకోలేదు. పళ్లు కొరుక్కుంటుంది, మంచం పట్టె విరుస్తుంది. నా పిల్ల నమిలి మింగి, నా ముఖంలోకి చూసి నవ్వింది.

గోడ అవతల అది మూలుగుతోంది.

నా చేతి కింద పొట్ట వదులైంది. మూలుగు ఆగింది.

"ఏంజెల్, నొప్పి లేదా?"

"లేదు పెద్దమ్మా. చెప్పినా గదా, హాయిగుంది."

దుప్పటి తీశాను. చాప, బొంత అంతా తడి. ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో దానికే తెలియదు. చేతులు కడుక్కుని చూశాను. బిడ్డ తల కిందికి దిగి, వాకిట్లో నిలబడి ఉంది. నా సంచిలో ఎప్పుడూ ఉండే చెవిగొట్టం తీసి పొట్ట మీద పెట్టి విన్నాను. నిమిషానికి నూట నలభై కొట్టుకోవాల్సిన గుండె... నూట పది. పొట్ట బిగిసినప్పుడు తొంభై. వదులయ్యాక కూడా వెంటనే కోలుకోవడం లేదు.

"ముక్కమ్మా. కిందికి ముక్కు, గట్టిగా."

"ఎట్ల ముక్కాల పెద్దమ్మా? నాకేం తెలీడంలే. కింద అంతా మొద్దుబారినట్టుండాది."

అప్పటికి నాకు అర్థమైంది. ఆడదాన్ని ముక్కించేది నొప్పే. ఆ నొప్పి దీని దగ్గర లేదు. మోసుకుపోయింది అది. దొంగ నొప్పులని ఇన్నేళ్లు నోరారా అన్న మాటకి ఇంకో అర్థం ఉందని ఆ పూట తెలిసింది నాకు. దొంగిలించిన నొప్పులు.

గూడు దగ్గరికి పోయాను.

"ఓబులమ్మా... తప్పు చెప్పినా తల్లీ. అవి నీవి కావు. ఈ పిల్లవి. ఇచ్చెయ్. బిడ్డ చచ్చిపోతాది."

గుసగుస ఈసారి గోడలోనుంచి రాలేదు. గూట్లోనుంచి వచ్చింది. నా చెవి పక్కనుంచి.

"నువ్వే చెప్పినావు."

"యేసయ్యా..."

"నీవే తల్లీ అన్నావు."

దానితో వాదించే వేళ కాదు. జైనాబీ అప్పటికే ఫోనులో తన తమ్ముణ్ని పిలుస్తోంది. మాబాషా కిరాయికి కారు తోలతాడు, పక్క వీధే. 108కి నేను చేశాను. వాగు దగ్గర ఆగిపోయామన్నారు. అయిదు నిమిషాల్లో మాబాషా కారు వాకిలికి ఆనించాడు. ముగ్గురం కలిసి ఏంజెల్‌ని లేపాం.

ఏంజెల్ గడప దాటుతుంటే గోడ అవతల గోళ్లతో గీకుతున్న చప్పుడు. మొదట ఒక చోట. తర్వాత గోడ పొడుగునా, మాతోపాటు నడుస్తున్నట్టు.

"యాడికి... యాడికి తీసకపోతాండావ్... నావి... నావి..."

జైనాబీ చెవులు మూసుకుంది. ఏంజెల్ మాత్రం, "చెప్పులు మర్చిపోయినా పెద్దమ్మా" అంది. దానికి ఒక్క ముక్కా వినపడలేదు.

కారు నీళ్లని చీల్చుకుంటూ కదిలింది. నేను వెనక సీట్లో దాని పొట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నాను. బిగుసుకుంది. నొప్పి లేదు. వదులైంది. మళ్లీ బిగుసుకుంది. గుండె ఎంతకి దిగిందో చూసే ధైర్యం లేదు. ప్రార్థనకి మాటలు రావడం లేదు. ప్రభువా, ప్రభువా, అంతే.

శిల్పుల షెడ్డు దగ్గరికి వచ్చాం. పట్టాల కింద సగం చెక్కిన ముఖాలు, కళ్లు తెరవని ముఖాలు, వానలో తడుస్తూ. అవి దాటాం. మలుపు తిరిగాం.

"అమ్మా!"

కారు అద్దాలు పగిలేలాంటి అరుపు. గంటలకొద్దీ పడాల్సిన నొప్పులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి దాని మీద. నా చెయ్యి పట్టుకుని కొరికింది. ఇదిగో, ఈ మచ్చ అదే.

"చచ్చిపోతాండా పెద్దమ్మా!"

"అరువు తల్లీ! గట్టిగా అరువు! స్తోత్రం... స్తోత్రం!"

మాబాషా అద్దంలోంచి నన్ను చూశాడు. పిల్ల చచ్చిపోతున్నానంటే ఈ ముసలిది స్తోత్రం అంటోంది, పిచ్చిదేమో అనుకుని ఉంటాడు.

ఆసుపత్రిలో బల్ల ఎక్కించిన పావుగంటకి బిడ్డ బయటపడింది. ఆడబిడ్డ. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. నీలంగా ఉంది. నాలుగు క్షణాలు ఊపిరి లేదు... అయిదో క్షణం ఏడ్చింది. డ్యూటీ సిస్టరు నా మీద కేకలేసింది. "ఇంత ముదిరేదాకా ఇంట్లో ఏం చేస్తాండారు? నువ్వు నర్సువేనా పెద్దమ్మా?" తల వంచుకుని పడ్డాను. చీకటిపడే వేళకి అజయ్ తడిసి ముద్దై వచ్చాడు. బిడ్డని చేతుల్లో పెట్టాను. "ఇంత తేలికైంది ఎప్పుడూ మోయలేదత్తా" అన్నాడు. బ్లెస్సీ అని పేరు పెట్టాం.

మర్నాడు జైనాబీ కోడిగుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. నన్ను వరండాలోకి పిలిచింది.

"పొద్దున ధైర్యం చేసి తాళం ఇరగ్గొట్టించినా సిస్టరమ్మా. ఏం లేదు. చప్పుడు లేదు, వాసన లేదు. నాలుగేండ్లుగా ఆ గది పక్కన పోతే మెడ మీద ఎవురో చూస్తాన్నట్టుండేది. అదీ లేదు. ఖాళీ అయిపోయింది."

"ప్రభువుకి స్తోత్రం," అన్నాను నేను.

ఖాళీ చేసి యాడికి పోయిందని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

ఇక ఆ ఇంటికి పోనివ్వకుండా తల్లినీ బిడ్డనీ నంద్యాలకి తెచ్చుకున్నాను. నలభై కిలోమీటర్ల పైమాటే. మా ఇంటిచుట్టూ ఖాళీ గది ఒక్కటి లేదు, ముందే చూసుకున్నాను. ఏంజెల్ కోలుకుంది. నవ్వుతోంది, తింటోంది. ఒక్కటే బాధ దానికి. పాలు పడలేదు. మూడో రోజు పడతాయన్నాను. అయిదో రోజన్నాను. డాక్టరమ్మ మాత్రలు రాసింది. చుక్క లేదు. డబ్బా పాలు కలిపి పడితే బిడ్డ నాలుకతో బయటికి తోసేస్తుంది. స్పూనుతో పోస్తే ఉమ్మేస్తుంది. అట్లాగని ఏడవదు. ఆకలని ఒక్క పూట ఏడవలేదు. పొద్దంతా నిద్ర. నిద్రలో పెదాలు చప్పరించుకుంటుంది, గుటక వేస్తుంది.

పన్నెండో రోజు తూకం వేశాను. పుట్టినాక బిడ్డ కొంచెం తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది. ఏమీ తాగని బిడ్డ తగ్గుతూనే పోవాలి, ప్రాణం మీదికి రావాలి. చీరముక్కలో వేసి స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించి చూశాను. మూడు కిలోల వంద. ముల్లు చెడిందనుకుని బియ్యం సంచితో సరిచూశాను. ముల్లు బాగానే ఉంది. నిన్న మళ్లీ వేశాను. మూడున్నర.

"పెరిగిందా పెద్దమ్మా?" అని లోపల్నుంచి ఏంజెల్ అడిగింది.

"పెరిగిందమ్మా."

"దేవుడు చూస్తాన్నాడు గదా," అంది.

బిడ్డని కిందికి దించి, నోటి దగ్గర ముక్కు పెట్టాను. పెదవి చివర తెల్లగా, ఇంకా ఆరని పాలు. చనుబాల వాసన. ఆ పాలల్లో శొంఠి, పిప్పలి, నువ్వుల నూనె, పాతబెల్లం... బాలింత తినే కాయం వాసన. తల్లి కాయం తింటే చంటిబిడ్డ నోరు అట్లాగే వాసనేస్తుంది, మీకూ తెలుసు.

మా ఇంట్లో ఎవరూ కాయం చెయ్యలేదు.